ఏడుగురి ఇంటికి ఎంత బండి కావాలి?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. ఇల్లు పంటకాలువ అవతల, వంతెన దాటగానే తొమ్మిదడుగుల సందులో ఉంటుంది. ఇంట్లో ఏడుగురం: మేమిద్దరం, తొమ్మిదేళ్ళ బాబు, మూడేళ్ళ పాప, అత్తయ్యగారు, మావయ్యగారు, ఎనభై దాటిన మామ్మగారు. మావయ్యగారికి మోకాళ్ళు అరిగిపోయాయి. మావారు రోజూ అమలాపురంలో షాపుకి వెళ్ళొస్తారు. నెలకోసారి పెద్దవాళ్ళని రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఏడాదికి మూడు నాలుగుసార్లు అందరం హైదరాబాదులో మరిదిగారింటికి వెళ్తాం. బియ్యం, కొబ్బరికాయలు, పచ్చళ్ళు మోసుకెళ్ళక తప్పదు. మా దగ్గర 16 లక్షలున్నాయి. కొత్త ఎర్టిగాగానీ కారెన్స్‌గానీ చాలని నేనంటున్నాను. అదే డబ్బుకి సెకండ్ హ్యాండ్ ఇన్నోవా క్రిస్టా వస్తుందని మావారంటున్నారు. డాలస్‌లో ఉన్న మా ఆడపడుచేమో పక్కకి జరిగే తలుపుల పెద్ద మినీవ్యాన్ తప్ప ఇంకోటి వద్దంటోంది. ఏది సరైనది?

సమాధానం: మీ అవసరాలకి కొత్త చిన్న ఎంపీవీ (ఎర్టిగా, కారెన్స్ లాంటి మూడు వరుసల సీట్ల బండి), అదీ పెట్రోలుది, సరిపోతుంది. సీఎన్‌జీ మాత్రం వద్దు. మీవారి మాట కూడా కొట్టిపారేసేది కాదు, అది ఎప్పుడు సరైనదో చివర్లో చెబుతాం. ముందు మీ ఆడపడుచుగారి మాట చూద్దాం, ఎందుకంటే ఆవిడ కళ్ళ ముందున్న బండి వేరు, మీ ఊళ్ళో దొరికే బండి వేరు.

అమెరికాలో ఇప్పుడు మినీవ్యాన్ అంటే టయోటా సియెన్నా, హోండా ఒడిస్సీ, క్రైస్లర్ పసిఫికా లాంటివి. సియెన్నా పొడవు 5.17 మీటర్లు, వెడల్పు దాదాపు 2 మీటర్లు. విచిత్రమేమిటంటే అక్కడ మినీవ్యాన్లకి దారి చూపిన 1984 డాడ్జ్ కారవాన్ పొడవు 4.47 మీటర్లే. ఇవాళ్టి కారెన్స్ (4.54 మీటర్లు) దానికంటే కాస్త పొడవే. నలభై ఏళ్ళలో ఆ తరగతి బండి 70 సెంటీమీటర్లు పెరగడానికి ఒక కారణం సామాను. అక్కడి కుటుంబం మూడు వరుసలూ నిండాక కూడా వెనకాల పెద్ద సూట్‌కేసులు, పిల్లల తోపుడుబండి పట్టాలని కోరుకుంది. అందుకే మూడో వరుస వెనక నేలని లోతుగా గుంటలా చేశారు. సీటు మడిస్తే అందులోకి దిగిపోతుంది, నిలబెడితే ఆ గుంట సామానుకి పనికొస్తుంది. సియెన్నాలో ఏడుగురు కూర్చున్నాక కూడా దాదాపు 950 లీటర్ల జాగా మిగులుతుంది. పక్కకి జరిగే తలుపులతోనే మాజ్దా5 అనే చిన్న మినీవ్యాన్ కూడా అక్కడ అమ్మారు. దానిలో ఆ వెనక జాగా లేదు. 2015 తర్వాత అది ఆ మార్కెట్లోంచి వెళ్ళిపోయింది.

మన దగ్గర ఆ తరగతి బండి కియా కార్నివాల్: 5.15 మీటర్ల పొడవు, 2 మీటర్లకి అర సెంటీమీటరు తక్కువ వెడల్పు. 2024 అక్టోబరులో వచ్చినప్పుడే షోరూమ్ ధర 60 లక్షలు దాటింది. కాబట్టి ఆ మాట అక్కడితో వదిలేయండి. అయితే ఇరుకు సందులో పక్కకి జరిగే తలుపు నిజంగా గొప్ప సౌకర్యం, ఆవిడ అనుభవం మీద చెప్పిన మాటే అది. మీ బడ్జెట్‌లో అది లేదు, అంతే.

ఇక మీరూ మీవారూ అనుకుంటున్న బళ్ళ సంగతి. షోరూమ్‌లో అందరూ లెక్కపెట్టేది సీట్లు. కానీ ఎర్టిగాకీ ఏడు సీట్లే, కారెన్స్‌కీ ఏడే, క్రిస్టాకీ ఏడో ఎనిమిదో. అసలు తేడా ఏడుగురూ కూర్చున్నాక వెనక ఏం మిగులుతుందన్నది, మూడో వరుసలో కూర్చున్నవాళ్ళు ఎనిమిది గంటల ప్రయాణం ఓర్చుకోగలరా అన్నది.

మూడో వరుస నిలబెట్టి ఉంచితే ఎర్టిగా డిక్కీ 209 లీటర్లు, కారెన్స్‌ది 216. విమానంలో చేతిలో పట్టుకెళ్ళే చిన్న ట్రాలీ, 55×40×20 సెంటీమీటర్లది, 44 లీటర్లు ఉంటుంది. అంటే అవి నాలుగు నిలబెడితే డిక్కీ అయిపోయింది. 25 కిలోల బియ్యం బస్తా 30 లీటర్లకి పైనే ఆక్రమిస్తుంది. ఇంట్లో ఉన్న పెద్ద ట్రాలీ అసలు నిలబడదు, ఎందుకంటే సీటు వీపుకీ డిక్కీ తలుపుకీ మధ్య లోతు తక్కువ. మరి క్రిస్టా? సుమారు 300 లీటర్లు. ఇంకో రెండు చిన్న ట్రాలీలు పట్టే తేడా. ఏడుగురు, ఏడుగురి బట్టలు, రెండు బస్తాల బియ్యం, కొబ్బరికాయలు, పచ్చళ్ళ జాడీలు క్రిస్టాలో కూడా పట్టవు. మీవారు ఈ ఒక్క విషయంలో క్రిస్టా మీద ఎక్కువ ఆశ పెట్టుకున్నారు. పైగా క్రిస్టాలో మూడో వరుస సీట్లు పక్కలకి లేచి కిటికీలకి వేలాడతాయి, ఎర్టిగా, కారెన్స్‌లలో నేలకి చదునుగా మడతపడతాయి. అంటే మూడో వరుస వద్దనుకున్న రోజున చిన్నవాటిలో పెద్ద పెట్టెలు పక్కపక్కన నేల మీదే పడుకోబెట్టవచ్చు.

హైదరాబాదు ప్రయాణానికి మార్గం బండి పెంచుకోవడం కాదు, సామాను మార్చుకోవడం. గట్టి ట్రాలీలు ఇంట్లో ఉంచి గుడ్డ సంచులు వాడండి. అవి మూలల్లోకి, సీట్ల కిందకి, కాళ్ళ దగ్గరికి దూరతాయి. బియ్యం, కొబ్బరికాయలు ముందు రోజు ఆర్టీసీ కార్గోలో వేయండి. పచ్చళ్ళు మాత్రం మీతో ఉంచుకోండి, జాడీలు కాకుండా బిగుతు మూతల స్టీలు డబ్బాల్లో పోసి, నిలబెట్టి.

బరువు ఇంకో లెక్క. ఎర్టిగా తరగతి బండి ఖాళీ బరువుకీ గరిష్ఠ బరువుకీ మధ్య తేడా సుమారు 550 నుంచి 600 కిలోలు. మీ ఏడుగురూ కలిపి 360 దగ్గర ఉంటారు. అంటే 200 దాకా మిగులుతుంది, అంకెల ప్రకారం ఇబ్బంది లేదు. ఇబ్బంది ఆ బరువంతా వెనక ఇరుసుకి అవతల పడటం వల్ల వస్తుంది. బండి వెనక కూలబడుతుంది, స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు వెనక బంపర్ కింద గీసుకుంటుంది, హెడ్‌లైట్లు పైకి చూసి ఎదుటివాడి కళ్ళలో పడతాయి. అందుకని బరువైనవి డిక్కీ తలుపు దగ్గర కాకుండా మూడో వరుస వీపుకి ఆనించి నేల మీద పెట్టండి. డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద టైర్ల గాలి పట్టిక ఉంటుంది, అందులో నిండు బరువుకి వేరే అంకె రాసి ఉంటుంది. టైర్లు వేడెక్కకముందు, ఇంటికి దగ్గర బంకులో, ఆ అంకె పట్టించండి. స్టీరింగ్ పక్కన హెడ్‌లైట్ ఎత్తు మార్చే చిన్న చక్రం ఉంటే సున్నా నుంచి రెండుకో మూడుకో తిప్పండి. నరసాపురం వైపు వెళ్ళి సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్ళని గోదావరి దాటించే పడవ) ఎక్కించేటప్పుడయితే జనాన్ని దింపేసి ఎక్కించండి. పంటు ఎక్కే పలక వాలులో వెనక బంపర్ తగిలేది నిండు బండికే.

సీఎన్‌జీ వద్దన్నది కూడా ఇందుకే. ఎర్టిగా సీఎన్‌జీలో 60 లీటర్ల సిలిండర్ మూడో వరుస వెనకే కూర్చుంటుంది. ఏడుగురు ఎక్కితే చేతిసంచి తప్ప ఏదీ పట్టదు. రోజూ అమలాపురం తిరిగే మీవారికి ఖర్చు కలిసొస్తుంది గానీ ఇంటిల్లిపాదికీ కొనే బండికి అది తగదు.

ఇప్పుడు ఎవరెక్కడ కూర్చోవాలి? చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళని మర్యాదకి ముందు సీట్లో కూర్చోబెట్టి, పిల్లల్ని మధ్యలో వేసి, కోడలు వెనక్కి పోతుంది. ముందు సీటు విషయంలో మీ ఇంట్లో ఆ పద్ధతే సరిపోతుంది, ఎందుకంటే మావయ్యగారి మోకాలికి అన్నిటికంటే తేలికైనది ముందు ఎడమ సీటే. తలుపు వెడల్పుగా తెరుచుకుంటుంది, సీటు వెనక్కి జరుగుతుంది. మోకాళ్ళు అరిగినవాళ్ళకి సీటు ఎత్తు ముఖ్యం. నిలబడ్డప్పుడు మోకాలి వెనక మడత ఎంత ఎత్తులో ఉందో సీటు అంచు అంతే ఎత్తులోనో ఓ రెండంగుళాలు పైనో ఉండాలి. అప్పుడు ముందు కూర్చుని తర్వాత కాళ్ళు లోపలికి తిప్పుకోవచ్చు. సీటు ఎక్కువ పల్లంగా ఉంటే లేవడం నరకం. ఎక్కువ ఎత్తుగా ఉంటే ఎక్కడం నరకం.

ఇక్కడే పెద్దవాళ్ళకి పెద్ద బండే సుఖమన్న అపోహ ఒకటి ఉంది. క్రిస్టా నేల ఎత్తు ఎక్కువ, ఎందుకంటే దాని బాడీ లారీలకి ఉన్నట్టు నిచ్చెన ఆకారపు ఛాసిస్ మీద కూర్చుంటుంది. కాబట్టి పెద్దవాళ్ళు అందులోకి ఎక్కాల్సి వస్తుంది. ఎర్టిగా, కారెన్స్ నేల కిందకి ఉంటుంది, వాళ్ళు కూర్చుంటే చాలు. క్రిస్టా కొంటే పక్కన ఫుట్‌బోర్డు, లోపల స్తంభానికి పట్టుకునే పిడి తప్పనిసరి. మామ్మగారికి మధ్య వరుస ఎడమవైపు ఇవ్వండి, నిలువు పిడి ఉన్నవైపు.

పాపకి చైల్డ్ సీట్ కావాలి. మోటారు వాహనాల చట్టం 194బి ప్రకారం పద్నాలుగేళ్ళలోపు పిల్లలకి బెల్టుగానీ చైల్డ్ సీట్‌గానీ లేకుండా తీసుకెళ్తే వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా మాట పక్కన పెట్టినా, ఒళ్ళో కూర్చున్న మూడేళ్ళ పిల్లని గట్టి బ్రేకు వేసిన క్షణంలో ఎవరి చేతులూ ఆపలేవు. ఆ సీటుని మధ్య వరుసలో కుడివైపు, డ్రైవర్ వెనక, ఐసోఫిక్స్ కొక్కేలకి (చైల్డ్ సీట్ తగిలించడానికి బండి సీట్లోనే ఇచ్చే ఇనప కొక్కేలు) బిగించండి. ఎడమవైపు బిగిస్తే అసలు చిక్కు వస్తుంది: మూడో వరుసకి వెళ్ళాలంటే ఆ వైపు సీటు ముందుకి మడవాలి, చైల్డ్ సీట్ ఉంటే అది మడతపడదు. రోజూ విప్పి బిగించే ఓపిక ఎవరికీ ఉండదు, చివరికి చైల్డ్ సీట్ అటక ఎక్కుతుంది. అందుకే కొనే ముందు ఎడమవైపు సీటు ఒంటరిగా ముందుకి జరిగి మడతపడుతుందో లేదో చూడండి. కారెన్స్ కొన్ని వేరియంట్లలో బటన్ నొక్కితే సీటు దానంతటదే దొర్లుతుంది, అత్తయ్యగారు కూడా సాయం లేకుండా వెనక్కి వెళ్ళగలరు.

మిగిలింది మూడో వరుస: అక్కడ బాబు, మీరుగానీ అత్తయ్యగారుగానీ. తొమ్మిదేళ్ళ పిల్లవాడికి ఏ బండైనా చాలు. పెద్దవాళ్ళకి చాలదు, కారణం కాళ్ళ జాగా ఒక్కటే కాదు. చిన్న బళ్ళలో వెనక నేల ఎత్తుగా, సీటు పల్లంగా ఉండి తొడలు గాల్లో లేస్తాయి, బరువంతా నడుం మీద పడుతుంది. తాడేపల్లిగూడెం దాటేసరికి నొప్పి మొదలవుతుంది. ముందు సీట్లో మావయ్యగారిని, మధ్యలో మామ్మగారిని వాళ్ళకి హాయిగా ఉన్నచోట సర్దిన తర్వాతే మీరు వెనక కూర్చుని చూడండి. షోరూమ్ కుర్రాడు మధ్య వరుసని ముందుకి తోసి చూపిస్తాడు, అది లెక్కలోకి రాదు. తొడకీ సీటుకీ మధ్య అరచెయ్యి నిలువుగా దూరిపోతోందంటే అక్కడ గంటకి మించి కూర్చోలేరు. తలకీ కప్పుకీ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉండాలి. తల ఆనించే దిండు పైకి లాగి ఉంచండి, వెనక అద్దం అక్కడికి దగ్గర. ఈ పరీక్షలో కారెన్స్ ఎర్టిగా కంటే కాస్త మెరుగు, క్రిస్టా ఆ రెండిటికంటే వెడల్పు. 

గాలి కూడా అక్కడే తేలుతుంది. మన కోనసీమ మే నెలలో ఎండకంటే ఉక్కపోత చంపుతుంది. మూడో వరుసకి విడిగా గాలి వచ్చే రంధ్రాలున్నాయా, మోడల్ ఏడాదిని బట్టి మారుతుంది కాబట్టి మీరు కొనే బండిలోనే చూడండి. మధ్యాహ్నం రెండింటికి, అరగంట ఎండలో నిలబెట్టిన బండిని అడగండి. నలుగురైదుగురు ఎక్కి ఏసీ వేసి పది నిమిషాలు తిరగండి. వెనక కూర్చున్నవాళ్ళకి అప్పటికీ చెమట ఆగకపోతే మే నెల ప్రయాణంలో అస్సలు ఆగదు.

సందు లెక్క మీరనుకున్నంత భయంకరం కాదు. తొమ్మిదడుగులంటే 274 సెంటీమీటర్లు. ఎర్టిగా వెడల్పు 173.5, కారెన్స్ 180, క్రిస్టా 183. నడి మధ్యలో పోతే ఎర్టిగాకి ఇరువైపులా 50, క్రిస్టాకి 45 మిగులుతుంది. ఐదు సెంటీమీటర్ల తేడాకి బండి మార్చనక్కర్లేదు. కానీ మిగిలిన ఆ జాగాలో ఏ బండి తలుపూ పెద్దవాళ్ళు దిగేంత తెరుచుకోదు, కాబట్టి మావయ్యగారు, మామ్మగారు ఎక్కడం దిగడం ఇంటి ముంగిట్లోనే జరగాలి. వంతెన దిగి సందులోకి తిరిగే మలుపే అసలు పరీక్ష, అక్కడ పొడవు అడ్డం వస్తుంది. క్రిస్టా ఎర్టిగా కంటే దాదాపు ఓ అడుగు పొడవు. మలుపులో లోపలివైపు వెనక చక్రం ముందు చక్రం దారిలో రాదు, గోడ వైపు కోసుకుంటూ వస్తుంది. వంతెన పిట్టగోడకి గీతలు పడేది ఇలాగే. టెస్ట్ డ్రైవ్ బండిని అమలాపురం బైపాస్ మీద తిప్పితే ఏమీ తెలియదు, మీ వంతెన దాకా తెమ్మనండి. వానాకాలంలో కాలువ గట్టు అంచు మెత్తబడుతుంది, ఎదురుగా ధాన్యం ట్రాక్టర్ వస్తే వెనక్కి వెళ్ళాల్సింది మీరే. వెనక కెమెరా ఉన్న వేరియంట్‌కి పెట్టే డబ్బు వృథా కాదు.

పెట్రోలా డీజిలా అన్నది మీవారి దినచర్య తేల్చేస్తుంది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 (పొగ కాలుష్యం మీద ప్రభుత్వం పెట్టిన ప్రమాణం) డీజిల్ బళ్ళలో పొగ గొట్టానికి డీపీఎఫ్ అనే వడపోత ఉంటుంది. అందులో పేరుకున్న మసి కాలిపోవాలంటే బండి ఇరవై నిమిషాలకి తగ్గకుండా, 60 పైన, ఒకే వేగంతో నడవాలి. పది కిలోమీటర్లలోపు అమలాపురం, మధ్యలో ఆటోలు, ఎడ్లబళ్ళు, అక్కడ షాపు ముందు ఆపేయడం: ఈ తీరులో మసి కాలదు, హెచ్చరిక దీపం వెలుగుతుంది, పట్టించుకోకపోతే ఇంజన్ బలం తగ్గిపోతుంది. నెలకో రాజమండ్రి ప్రయాణం దానికి చాలదు.

ఇంధనం ఖర్చు మాత్రం మీవారి పక్షానే కొంత మాట్లాడుతుంది. ఏడాదికి 10,000 కిలోమీటర్లు అనుకోండి. చిన్న పెట్రోలు బండి లీటరుకి 15 ఇస్తే, లీటరు 110 చొప్పున 73 వేలు. క్రిస్టా డీజిల్ 12 ఇస్తే, లీటరు 97 చొప్పున 81 వేలు. ఎనిమిది వేల తేడాకి గొడవ పడనక్కర్లేదు. ఖర్చు పెరిగేది పాత బండి టైర్లు, సస్పెన్షన్ రబ్బర్లు, క్లచ్, ఏసీ దగ్గర. వారంటీ లేని బండికి ఆ పనుల కోసం లక్షన్నర పక్కన పెట్టుకుని కొనాలి. అంటే మీ 16 లక్షల్లో క్రిస్టాకి పెట్టగలిగింది పద్నాలుగున్నరే.

క్రిస్టా సరైనది ఎప్పుడంటే: నెలనెలా ఆరేడుగురు పెద్దవాళ్ళతో హైదరాబాదో తిరుపతో వెళ్ళేటప్పుడు. 2.4 లీటర్ల డీజిల్ 150 హార్స్‌పవర్‌తో ఘాట్ రోడ్డు మీద నిండు బండిని తేలిగ్గా లాగుతుంది, 1.5 లీటర్ల పెట్రోలు అక్కడ రెండో గేరులో అరుస్తుంది. ఏడాదికి మూడు నాలుగు ప్రయాణాలకి ఆ బలం కొనుక్కోనక్కర్లేదు. సంక్రాంతికి ఇంటికి పదిమంది వస్తే ఆ మూడు రోజులకి డ్రైవర్‌తో సహా ఇన్నోవా అద్దెకి తీసుకోండి. పండగకి నెల ముందే మాట్లాడుకోవాలి, జగ్గన్నతోట ప్రభల తీర్థం రోజున బళ్ళు దొరకవు.

అయినా మీవారు క్రిస్టానే అంటే, కొన్ని చోట్ల చెయ్యి పెట్టి చూసి కొనమనండి. సీటు బెల్టుని చివరిదాకా లాగితే లోపలి భాగం మీద మట్టి గీత ఉందా, సీటు పట్టాల కింద తుప్పుందా, స్టెప్నీ దగ్గర ఒండ్రు ఉందా: ఉంటే అది వరదలో మునిగిన బండి. మన దగ్గర గోదావరి వరదే కాక విజయవాడ, హైదరాబాదుల్లో మునిగిన బళ్ళు కూడా కడిగి, సెంటు కొట్టి అమ్మకానికి వస్తాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలిలో తిరిగిన బండైతే లిఫ్టు మీద ఎక్కించి ఛాసిస్ పట్టీల లోపలివైపు, జాయింట్ల దగ్గర టార్చి వేసి చూడాలి. కొత్తగా నల్ల పూత కొట్టి ఉంటే స్క్రూడ్రైవర్‌తో గీకి చూడండి, పొరలు ఊడితే వదిలేయండి. టాక్సీగా తిరిగి తర్వాత తెల్ల ప్లేటుకి మారిన బళ్ళు చాలా ఉంటాయి, ఆర్‌సీ చరిత్రలో అది కనిపిస్తుంది. మీటరు 70 వేలు చూపిస్తూ బ్రేక్ పెడల్ రబ్బరు, డ్రైవర్ సీటు అంచు అరిగిపోయి ఉంటే కంపెనీ సర్వీసు చరిత్ర అడగండి. ఎయిర్‌బ్యాగులు క్రిస్టాలో వేరియంట్‌ని బట్టి 3 నుంచి 7 దాకా ఉంటాయి, కారెన్స్‌లో 2022లో వచ్చినప్పటి నుంచీ అన్నిట్లో 6. తక్కువ ఉన్న క్రిస్టా చవకగా వచ్చినా మీ ఇంటికి వద్దు.

కొత్తదే ఖాయమైతే టెస్ట్ డ్రైవ్‌కి ఏడుగురూ వెళ్ళండి, మామ్మగారితో సహా. పాప చైల్డ్ సీట్, హైదరాబాదుకి పట్టుకెళ్ళే సంచులు కూడా తీసుకెళ్ళి నిజంగా సర్దించండి. టేపు ఒకటి దగ్గర ఉంచుకోండి. బుకింగ్ డబ్బు కట్టేముందు మావయ్యగారు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మూడుసార్లు ఎక్కి దిగగలిగారా అన్నది చూసి, ఆ వేరియంటే రాయించండి.